దగ్గర లెన్సు

మాష్టారు తప్పు చెప్పాడని డాక్టర్ నూకరత్నం మొదట లోలోపల సంబరపడింది.

రెండేళ్లుగా ఆ యంత్రం ఒక్క తప్పు చేస్తే చూడాలని ఆమెకి సరదా. ఇవాళ దొరికింది. కుర్చీ ముందుకి లాక్కుని తెర మీది వివరాలు మళ్లీ చదివింది. మైలపల్లి దానయ్య. వయసు యాభై ఎనిమిది. చేపల బోటు డ్రైవరు. కుడి కన్ను. లెన్సు నెంబరు ఇరవై నాలుగున్నర. ఆ కింద పచ్చటి అక్షరాల్లో ఒకే ఒక్క మాట: దగ్గర.

సముద్రం మీద బోటు నడిపేవాడికి దగ్గర చూపు లెన్సు. పైగా ఆ మనిషికి ఉన్నదే ఒక కన్ను. ఎడమ కన్ను కుర్రతనంలోనే పోయింది, వల లాగే ఇనప తాడు తెగి కొట్టడంతో.

దానయ్య ఆమె సొంత అన్న. శుక్రవారం ఉదయం ఆపరేషను. వేరే ఎవరిచేతైనా చేయిస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. సదివించింది నేను, కొయ్యాల్సింది నువ్వు అన్నాడు.

మాష్టారంటే మనిషి కాదు, లెన్సు ఎంపిక చేసే యంత్రం. శుక్లం తీసేశాక కంట్లో పెట్టే లెన్సుకి నెంబరు ముందే లెక్కకట్టాలి. కంటి పొడవు, ముందు పొర వంపు కొలిచి సూత్రంలో వేస్తే నెంబరు వస్తుంది కానీ, కొందరి విషయంలో అది గురి తప్పుతుంది. ఒకసారి లోపల పెట్టిన లెన్సుని మళ్లీ తియ్యడం చిన్న పని కాదు. అందుకని ఫణీంద్ర అనే ఇంజనీరు ఆస్పత్రిలోనే కూర్చుని ఈ యంత్రాన్ని తయారుచేశాడు. సూత్రాలేవీ దానికి నేర్పలేదు. లక్షల కళ్ల ఫోటోలు, కొలతలు, ఎవరికి ఏ లెన్సు వేశారు, వేశాక వాళ్లేమన్నారు, అన్నీ దాని ముందు కుమ్మరించాడు. మిగతాది అదే నేర్చుకుంది. ఇప్పటికీ నేర్చుకుంటూనే ఉంది. ఆపరేషనైన ప్రతి మనిషికీ నెలనెలా అదే ఫోను చేసి, మీకు కావలసినవి స్పష్టంగా కనిపిస్తున్నాయా, పదికి ఎన్ని మార్కులు వేస్తారు అని మర్యాదగా అడుగుతుంది. గొంతు ఆడమనిషిదే అయినా, ఆ మార్కుల గోల విని నర్సులు దానికి మాష్టారని పేరు పెట్టేశారు.

రత్నం అన్నని మళ్లీ పిలిపించి కొలతలన్నీ కొత్తగా తీయించింది. యంత్రం అరనిమిషం ఆలోచించింది.

ఇరవై నాలుగున్నర. దగ్గర.

ఈసారి సంబరం కలగలేదు. ఫణీంద్రకి కబురు పంపింది.

అతను చేతిలో సగం తిన్న సమోసాతో వచ్చాడు. తెర చూశాడు. సమోసా పక్కన పెట్టి, కాసేపు పాత కేసులు తిరగేశాడు. రోగి దూరపు చూపు కావాలని అడిగినా మాష్టారు దగ్గర లెన్సే ఇచ్చిన సందర్భాలు ఇంతకుముందు కూడా ఉన్నాయన్నాడు. ఎక్కువ కాదు, కొద్దిమందే. డాక్టర్లెవరూ పట్టించుకోలేదు. మీ కంటికి ఇదే సరిపోతుందని సర్దిచెప్పి, దూరానికి కళ్లద్దాలు రాసిచ్చి పంపేశారు.

"మరి వాళ్లేం గొడవ చెయ్యలేదా?"

"అదే విచిత్రం మేడమ్. చివరి ఫోనులో అందరూ పదికి పది వేశారు."

చివరి ఫోను అన్న మాట రత్నం చెవికి ముల్లులా తగిలింది. అంటే ఆ తర్వాత ఫోన్లు లేవా? ఆమె వరసగా ఆ నెంబర్లకి చెయ్యడం మొదలుపెట్టింది.

మొదటి ఇంట్లో కోడలు ఎత్తింది. అత్తగారు శివరాత్రికి ముందే పోయారని, మంచాన పడ్డా చూపు మాత్రం దివ్యంగా ఉండేదని, పక్కన ఎవరు కూర్చున్నా ఇట్టే గుర్తుపట్టేవారని చెప్పి, మీ చేతి చలవే డాక్టరుగారూ అంది. రెండో ఇంట్లో పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి కన్నుమూశాడు. మూడో ఆయనకి ఊపిరితిత్తుల్లో ఏదో ముదిరింది. నాలుగో నెంబరు నొక్కబోయి ఆమె ఫోను బల్ల మీద పెట్టేసింది.

ఫణీంద్ర గోడకి జారగిలబడి ఉన్నాడు.

"మనం దానికి పెట్టిన గురి ఏంటో గుర్తుందా మేడమ్? మీటింగులో మీరే అన్నారు. ఆపరేషనైన మర్నాడు బాగా కనబడ్డం గొప్ప కాదు, మనిషి బతికినన్నాళ్లూ తనకి కావలసింది తను చూసుకోవాలి అని. నేను అదే పెట్టాను."

"అయితే?"

"ఎన్నాళ్లు బతుకుతాడో, ఎలా బతుకుతాడో తెలియకుండా ఆ పని చెయ్యలేదు కదా. తెలుసుకోమని మనం చెప్పలేదు. దానికి అవసరమైంది, నేర్చేసుకుంది."

కంటి వెనక పొరలో సన్నటి రక్తనాళాలుంటాయి, నరాల కొసలుంటాయి. ఒళ్లంతటిలో కొయ్యకుండా రక్తనాళాన్ని చూడగలిగే చోటు అదొక్కటే అని రత్నం పాఠం చెబుతుండేది కూడా. అక్కడ మాష్టారు ఏం చూశాడో ఎవరికీ తెలియదు. అడిగితే చెప్పే నోరు దానికి లేదు. త్వరలో మంచం పట్టబోయేవాడికి లోకం ఎంత దూరం? పక్కన కుర్చీలో కూర్చున్న మనిషి ముఖమంత. ఆ దూరానికి సరిపోయే లెన్సు ఇస్తుందది. దూరపు లెన్సు వేసి దగ్గరకి కళ్లద్దాలు పెట్టుకోమనొచ్చుగా అంది రత్నం. పక్కకి ఒత్తిగిలి పడుకున్నవాడి ముఖం మీద కళ్లద్దాలు నిలవవు కదా మేడమ్ అన్నాడు ఫణీంద్ర, తన నానమ్మని తలుచుకుంటూ.

అప్పటికి బుధవారం సాయంత్రం అయిదైంది.

ఆమె తిన్నగా అన్న ఇంటికే వెళ్లింది. ఫిషింగ్ హార్బరు పక్కన, జెట్టీకి ఎదురుగా వరసగా ఉన్న ఇళ్లలో చివరిది. వేసవి చేపల వేట నిషేధం రోజులు కావడంతో పేటంతా ఇళ్ల దగ్గరే ఉంది. బోట్లన్నీ ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి. పెళ్లిళ్లు, ఇంజను రిపేర్లు, ఆస్పత్రి పనులు అందరూ ఈ రోజుల్లోనే పెట్టుకుంటారు. నిషేధం ఎత్తేసిన రోజు అన్ని బోట్లూ ఒక్కుమ్మడిగా సముద్రంలోకి దూకుతాయి. ఆ రోజు సుక్కాని తన చేతిలో ఉండాలన్నదే దానయ్య పట్టుదల. బోటు మీద కళ్లద్దాలు పెట్టుకుంటే ఉప్పునీటి తుంపర పడి నిమిషంలో తెల్లబడిపోతాయి. ఆయనకి కావలసింది కంట్లోనే ఉండాలి.

దానయ్య అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. చెల్లెల్ని చూసి నవ్వాడు.

"ఏటే డాక్టరమ్మా, రేపొద్దున కొయ్యాల్సిన కత్తి ఇయ్యాలే నూరుకుంటన్నావా?"

"రేపు కాదు, ఎల్లుండి. రేపు కొన్ని పరీక్షలున్నాయి, పొద్దున్నే ఏమీ తినకుండా రావాలి."

"కంటికి కోతైతే కడుపెందుకే మాడ్సడం?"

వదిన పోలమ్మ వంటింట్లోంచే అందుకుంది. మాడ్చినా పరవాలేదు రత్తాలమ్మా, ఈమధ్య మీ అన్న సగం కంచంలోనే వదిలేస్తన్నాడు అంది. దానయ్య చేతిలోంచి వల అల్లే కండె జారి కిందపడింది. వంగి తీశాడు. రెండు ముళ్లు వేశాడో లేదో మళ్లీ జారింది.

"ఈ మసక్కి ముడి కూడా ఆనట్లేదు," అన్నాడు ఆయన.

"వారం నుంచీ అదే వల," అని పోలమ్మ ఎగతాళి చేసింది. "ఆ కన్నానికి వలెందుకు, దాంట్లోంచి తిమింగలమే పోద్ది."

ముగ్గురూ నవ్వారు. రత్నం కూడా నవ్వింది. నవ్వుతూనే అన్న ముఖం రంగు, కాళ్ల వాపు, మెడ నరాలు డాక్టరు కళ్లతో తడిమింది. ఏమీ దొరకలేదు.

తిరిగి వెళుతుంటే పక్కింటి ఎల్లమ్మ గుమ్మం దిగి వచ్చింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, మీ అన్నకి దూరం లెన్సే ఏస్తన్నావు కదమ్మా అని అడిగింది. అవునంది రత్నం. ఎల్లమ్మ గ్రామదేవత నూకాలమ్మకి దణ్ణం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. పేటలో ముసలమ్మకి లెన్సుల సంగతి ఎందుకో రత్నానికి తట్టలేదు. ఆ సమయంలో ఆమె బుర్ర అక్కడ లేదు.

గురువారం అంతా పరుగే. తెలిసిన డాక్టర్లందరినీ బతిమాలి గుండె, ఊపిరితిత్తులు, కడుపు, మెదడు, ఒక్కొక్కటీ తీయించింది. ప్రతి గది దగ్గరా ముందే లోపలికి వెళ్లి, ఏదైనా ఉంటే నాకే చెప్పండి, ఆయనతో అనకండి అని ఒట్టు వేయించుకుంది. ఇన్నేళ్లలో ఎందరో కొడుకులు, కూతుళ్లు ఇదే మాట ఆమె చెవిలో చెప్పారు. ఆమె ఎప్పుడూ సరేనంది. ఈ రోజు ఆ వరసలో తనూ నిలబడింది.

సాయంత్రానికి అన్ని రిపోర్టులూ వచ్చాయి. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. గుండె డాక్టరు, మీ అన్నగారి గుండె నాకు ఇప్పించండి అని జోకు కూడా వేశాడు.

రత్నం ఆ కాగితాలు ఫణీంద్ర ముందు పడేసింది. అతను అన్నీ చదివి, మాష్టారు మొదటిసారి తప్పు చెప్పి ఉండొచ్చు అన్నాడు. ఆ మాట అతను నమ్మి అనలేదని ఇద్దరికీ తెలుసు. రేపటి నుంచి యంత్రాన్ని ఆపేస్తానన్నాడు. ఆపితే నాకు తెలిసింది తెలియకుండా పోతుందా అంది ఆమె.

ఎటు చూసినా గొయ్యే. మాష్టారి మాట విని దగ్గర లెన్సు వేస్తే, ఆ మాట అబద్ధమైతే, బోటు డ్రైవరుని తనే ఒడ్డున కట్టేసినట్టు. దూరం లెన్సు వేస్తే, ఆ మాట నిజమైతే, మంచాన పడ్డ మనిషికి ఉన్న ఒక్క కన్నూ దగ్గర కూర్చున్న పెళ్లాం ముఖాన్ని పొగమంచులా చూస్తుంది. చివరికి కాగితం మీద ఇరవై ఒకటి, దూరం అని రాసి సంతకం పెట్టింది. పెట్టాక కూడా, రెండు లెన్సులూ ట్రేలో ఉంచమని సువార్త సిస్టర్‌కి చెప్పింది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆమె ఎప్పుడూ అలా చెప్పలేదు. సువార్త కళ్లెత్తి చూసి, రెండో పెట్టె కూడా తీసి పెట్టింది.

శుక్రవారం ఉదయం. ఆపరేషన్ థియేటర్.

దానయ్య ముఖాన్ని నీలం గుడ్డ కప్పేసింది. కుడి కన్ను ఒక్కటే బయటికి ఉంది. చుక్కల మందుతో కంటికి నొప్పి తెలియదు కానీ మనిషి మాత్రం పూర్తి మెలకువలో ఉంటాడు. మైక్రోస్కోపు వెలుగు కంట్లో పడగానే, ఇదేటే సెర్చిలైటులాగుంది, కోస్టుగార్డోల్లు పట్టుకున్నట్టుంది అని గుడ్డ కిందనుంచి గొణిగాడు. మాట్లాడకూడదంది రత్నం. ఆమె చెయ్యి స్థిరంగానే ఉంది. చేతికి తెలిసిన పని అది.

వెంట్రుకవాసి కోత. అందులోంచి సూదంత గొట్టం. గోధుమరంగుకి తిరిగి రాయిలా గట్టిపడిన శుక్లం ముక్కలై, పొడై, గొట్టంలోకి పోయింది. పుట్టుకతో వచ్చిన లెన్సు ఉండిన పలచటి సంచి నీటి బుడగలా ఖాళీగా మెరిసింది. ఇక కొత్తది పెట్టడమే.

"లెన్సు," అంది రత్నం చెయ్యి చాపి.

సువార్త లెన్సు చేతికివ్వలేదు. గోడకి అంటించిన పద్ధతి ప్రకారం, పెట్టె విప్పేముందు గట్టిగా చదవడం మొదలుపెట్టింది. పొరపాటున ఒకరి లెన్సు ఇంకొకరికి పడకుండా అక్కడ ప్రతి ఆపరేషనులోనూ చేసే పనే అది.

"పేషెంటు పేరు మైలపల్లి దానయ్య. కుడి కన్ను."

అక్కడ ఆమె గొంతు తడబడింది. అయినా ఆగలేదు.

"మాష్టారు చెప్పింది ఇరవై నాలుగున్నర, దగ్గర. డాక్టరుగారు ఎంచింది ఇరవై ఒకటి, దూరం. ఏది విప్పమంటారు మేడమ్?"

రత్నం చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. డాక్టరు యంత్రంతో విభేదిస్తే రెండూ పైకి చదివి, డాక్టరు నోటితో మళ్లీ చెప్పించుకోవాలి. ఆ నియమం రాసింది తనే. ఇన్నాళ్లలో ఎవరూ మాష్టారితో విభేదించలేదు. ఆ నియమం ఉన్న సంగతే ఆమె మరిచిపోయింది.

గుడ్డ కిందనుంచి గొంతు వచ్చింది, చాలా నెమ్మదిగా.

"రత్తాలూ. మాష్టారు నాకు దగ్గర సెప్పినాడా?"

"మాట్లాడకన్నయ్యా. కన్ను కదుల్తుంది."

"కన్ను కదల్లేదు. నోరే కదిలింది. సెప్పు."

మానిటరు మీద గుండె చప్పుడు పరుగందుకుంది. మైక్రోస్కోపులో మాత్రం ఆ కన్ను రాతిలో చెక్కినట్టు నిలబడి ఉంది.

"మన పేటంతా తెలుసే," అన్నాడు దానయ్య. "దగ్గర లెన్సు పడ్డోల్లు ఏడాది తిరగరు. పోర్టు గుమాస్తా అంతే. ఎల్లమ్మ వియ్యపురాలూ అంతే. డాక్టరమ్మ మనసు కష్టపడతాదని నిన్నెవలూ అడగలేదు."

రత్నం రెండు రోజుల కింద గుండె చిక్కబట్టుకుని తెలుసుకున్నది పేట అరుగుల మీద ఎప్పుడో తేలిపోయింది. మర్యాద కొద్దీ వాళ్లు ఆమె దగ్గర దాచారు. ప్రేమ కొద్దీ ఆమె అన్న దగ్గర దాచింది. అందరికీ తెలిసిన మాట ఒకరికొకరు దాచుకుంటూ తిరిగారు.

ఇప్పటికీ మించిపోలేదు. యంత్రం పొరపాటు పడింది, నీకేం లేదు అంటే సరిపోతుంది. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఎందరికి చెప్పిందో ఆ మాట. కానీ ఈ కన్ను రెప్ప వేయకుండా ఆమెనే చూస్తోంది. రెప్పల్ని క్లిప్పు తెరిచి పట్టుకుందని తెలిసినా, ఆమెకి అలాగే అనిపించింది.

"చెప్పాడు," అంది. "నేను ఒళ్లంతా వెతికించాను. ఏమీ దొరకలేదు. కానీ వాడు ఇప్పటిదాకా తప్పు చెప్పలేదు అన్నయ్యా."

సువార్త ముఖం పక్కకి తిప్పుకుంది. మానిటరు పరుగు మెల్లమెల్లగా నడకలోకి దిగింది.

"దూరమే ఎయ్యి," అన్నాడు దానయ్య.

"వాడన్నది నిజమైతే, మంచం మీద నీకు వదిన ముఖం కూడా..."

"దగ్గరున్నోల్లని సేత్తో తడిమి పోల్సుకుంటాను. సముద్రాన్ని తడమలేను కదే."

రత్నం ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. మాస్కు పైభాగం తడిసింది.

"ఇరవై ఒకటి. దూరం," అంది, పైకి, నియమం ప్రకారం.

మడతపెట్టిన లెన్సు సన్నటి గొట్టంలోంచి జారి, సంచిలోకి వెళ్లి, తామరాకులా మెల్లగా విచ్చుకుంది.

నిషేధం ఎత్తేసిన రోజు హార్బరు నుంచి మొదట బయటపడ్డ బోట్లలో దానయ్యది ఒకటి. డాల్ఫిన్ కొండ దాటాక కూడా వెనక్కి తిరిగి జెట్టీ మీద ఎవరెవరు నిలబడ్డారో పేర్లు చెప్పాడట. బోటులో పనిచేసే కళాసీలు పేటంతా ఆ కథే చెప్పుకున్నారు. దూరం లెన్సు వేయించుకుని మాష్టారిని ఓడించాడన్నారు. అప్పటిదాకా ఆస్పత్రి పేరెత్తితే జడుసుకున్నవాళ్లు మళ్లీ రావడం మొదలుపెట్టారు. కొందరు కుర్చీలో కూర్చోకముందే, దూరమే ఎయ్యాలి డాక్టరమ్మా అని షరతు పెట్టేవారు.

ఆస్పత్రిలో మాత్రం పెద్ద తగవు నడిచింది. దగ్గర, దూరం అన్న మాటలు తెర మీద కనబడకుండా తీసేస్తే గొడవ ఉండదన్నారు పెద్ద డాక్టరుగారు. నెంబరు చూస్తే నాకు తెలిసిపోదా అంది రత్నం. యంత్రం దగ్గర అన్న ప్రతి మనిషినీ ఒంటరిగా కూర్చోబెట్టి, మీకు తెలుసుకోవాలని ఉందా అని ఒక ప్రశ్న అడగాలని పట్టుపట్టింది. ఆ ప్రశ్న అడిగే పని కూడా తన నెత్తిన వేసుకుంది. కొందరు వద్దంటారు. కొందరు చెప్పమంటారు. ఒకామె మాత్రం, నాకు చెప్పొద్దు, మా ఆయనకి అసలే చెప్పొద్దు, లెన్సు మాత్రం నీకు తోచింది వెయ్యి అని చక్కా పడుకుంది.

వానలు వెనకపట్టేసరికి దానయ్య చేతిలోంచి టీ గ్లాసు జారింది. తర్వాత సుక్కాని జారింది. రత్నం ఆ కబురు విన్న క్షణంలో ఆమె కళ్ల ముందు మెదిలింది అరుగు మీద రెండుసార్లు కిందపడ్డ వల కండె. ఆనాడు అన్నని ఊళ్లోని యంత్రాలన్నింటిలో దూర్చి వెతికించింది. తన ఎదురుగా జారిన కండెని చూసి మాత్రం నవ్వింది. నరాలు ఒక్కొక్కటిగా ఆరిపోయే జబ్బు అన్నారు. గుండెకీ కడుపుకీ మెదడుకీ తీసిన ఫోటోల్లో అది మొదట కనబడదన్నారు. మందు లేదన్నారు. చేతులతో మొదలై కాళ్లకి, అక్కణ్నించి గొంతుకి.

ఈసారి ఎవరూ దాచలేదు. ఆయనే పేటలో అందరికీ చెప్పుకున్నాడు, మాట ఇంకా తిరుగుతుండగానే.

ఎండలు ముదిరే రోజుల్లో ఒక సాయంత్రం రత్నం వెళ్లేసరికి, మంచం నడింట్లోంచి జరిగి గుమ్మానికి ఎదురుగా ఉంది. తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. పోలమ్మ ఆయన్ని తలగడలతో కాస్త ఎత్తి పడుకోబెట్టింది. దగ్గర చూపుకి రాసిచ్చిన కళ్లద్దాలు కిటికీ గూట్లో ఉన్నాయి. తల వాలిపోతుంటే అవి ముక్కు మీద నిలవడం ఎప్పుడో మానేశాయి.

ఆమె మంచం పక్కన కూర్చుంది. ఆయన చూపు ఆమె ముఖం మీద వాలింది కానీ ఆనలేదు. చుట్టంచూపుగా వచ్చినవాళ్లని చూసినట్టు చూశాడు. చేత్తో తడిమి పోల్చుకుంటానన్న మాట ఆమెకి గుర్తుంది. ఆయనకీ గుర్తున్నట్టుంది, వేళ్లు దుప్పటి మీద ఒకసారి వణికి ఆగిపోయాయి. ఆమె ఆ చేతిని రెండు చేతులతో ఎత్తి తన చెంపకి ఆనించుకుంది. అలాగే పట్టుకుంది. దానయ్య పెదాలు కదిలాయి.

"రత్తాలు," అన్నాడు. మాట ముద్దగా ఉంది కానీ అర్థమవుతోంది. కాసేపటికి మళ్లీ, "గుమ్మం దాకా ఎల్లు," అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. పోలమ్మే చెప్పింది, నన్ను కూడా రోజూ అక్కడ నిలబెడతాడు, ఎల్లి నిలబడమ్మా అని. రత్నం చెయ్యి నెమ్మదిగా దింపి, లేచి, వెనక్కి నడిచి గుమ్మంలో నిలబడింది. అన్న ముఖం మారిపోయింది. నుదురు విచ్చుకుంది. ఆయన ఆమె జుట్టులో నెరసిన చోటు చూశాడు, మెళ్లో గొలుసు చూశాడు, ఆమె ఏడుస్తున్న సంగతి చూశాడు.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. నెల తిరిగిందన్నమాట. పోలమ్మ స్పీకరు నొక్కి ఆయన నోటి దగ్గర పెట్టింది. నమస్కారం దానయ్యగారూ అంది మాష్టారి ఆడగొంతు, మీకు కావలసినవి స్పష్టంగా కనిపిస్తున్నాయా అని అడిగింది.

దానయ్య ఊపిరి కూడదీసుకున్నాడు. "సెల్లెలు... గుమ్మంలో ఉన్నాది. అగుపిస్తన్నాది."

ఆ గొంతు చాలా సంతోషమంది. పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగింది.

రత్నం జవాబు కోసం చెవి రిక్కించింది. ఈయన చెప్పే అంకె రేపు ఎవరి కంట్లోనో లెన్సవుతుంది. ఆయన పది అంటే, ఆ పది నిజమో, తన చెల్లెలు వింటోందన్న మొహమాటమో కనిపెట్టే తెలివి ఏ యంత్రానికుంది? తనకైనా ఉందా?

దానయ్య తొందరపడలేదు. చెల్లెల్ని చూశాడు. ఆమె భుజం మీదుగా, ఆమెని దాటి, ఇంకా దూరంగా చూశాడు. మూతి ఒకవైపు వంకరగా సాగింది. ఆయనకి మిగిలిన నవ్వు అదే.

"తొమ్మిది," అన్నాడు. "అది అడ్డు తప్పుకుంటే... పది. మా బోటొస్తన్నాది."

రత్నం వెనక్కి తిరిగి చూసింది. కొండ పక్కన నీళ్ల మీద నల్లటి చుక్క లాంటిదేదో కదులుతోంది. అది బోటో, అలో, పక్షో ఆమె కళ్లకి తెలియలేదు.

ఆమె గుమ్మంలోంచి పక్కకి జరిగింది.